డాన్సర్ కదిలితే లైటు స్పందించాలి: కెమెరా పెట్టాలా, ఒంటికి సెన్సర్ కట్టాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఒకే డాన్సర్ ఉన్న చిన్న ఐటమ్, అందులో సగానికి పైగా అప్పటికప్పుడు అల్లుకుంటూ చేసేదే. చెయ్యి పైకెత్తితే లైటు పెరగాలి, గిర్రున తిరిగితే రంగు మారాలి. రిహార్సల్ గదిలో డెప్త్ కెమెరాతో, అంటే ఏది ఎంత దూరంలో ఉందో కొలిచే కెమెరాతో, బాగానే నడిచింది. స్టేజి మీద అసలు లైట్లు వేసేసరికి అన్నీ వణకడం మొదలైంది, డాన్సర్ కదలకపోయినా రంగులు మారిపోతున్నాయి. కెమెరా మార్చాలా, చేతికి సెన్సర్ కట్టాలా అని అడిగారు.

మీరు చెప్పిన రెండు పనులకీ ఒంటిమీద సెన్సరే సరైనది. మణికట్టుకి ఒకటి, నడుముకి ఒకటి చాలు. కెమెరాని డాన్సర్ స్టేజి మీద ఎక్కడ ఉందో తెలుసుకోవడానికి మాత్రమే వాడండి, అదీ అవసరం అనిపిస్తేనే. అయితే సెన్సర్ మార్చితే సగం సమస్యే తీరుతుంది. మిగతా సగం, కదలిక చేతికి మీరు ఎంత అధికారం ఇచ్చారు అన్నది. క్యూలు, అంటే ఎప్పుడు ఏ లైటింగ్ రావాలన్న వరస మెట్లు, లైట్లు నడిపే ఆపరేటర్ దగ్గరే ఉంచండి. ఒక్కో క్యూ లోపల లైటు ఇంతకి తగ్గకూడదు, ఇంతకి మించకూడదు అని హద్దులు గీసి, ఆ మధ్యలో మాత్రం డాన్సర్‌కి వదిలేయండి.

అసలు ఇదంతా అవసరమా అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. రికార్డెడ్ సంగీతం, ప్రతిసారీ ఒకేలా ఉండే కొరియోగ్రఫీ అయితే సెన్సర్లు దండగ. టైమ్‌కోడ్ (సంగీతంలోని సమయాన్ని బట్టి లైట్లు వాటంతటవే మారే పద్ధతి) గానీ, డాన్స్ తెలిసిన ఆపరేటర్ గానీ ఇంతకన్నా శుభ్రంగా చేస్తారు. ఎక్కడ ఆగాలి, ఎంతసేపు ఆగాలి అన్నది ఆ పూట డాన్సర్ ఇష్టమైనప్పుడే ఈ కష్టానికి అర్థం ఉంది. మీది అలాంటిదే కాబట్టి ముందుకెళ్దాం.

స్టేజి మీద కెమెరాకి ఏమైంది

డెప్త్ కెమెరాల్లో ఎక్కువ భాగం తమ సొంత ఇన్‌ఫ్రారెడ్ వెలుగుని, అంటే కంటికి కనిపించని వెలుగుని, విసిరి, తిరిగొచ్చినదాన్ని చదువుకుంటాయి. 2010లో వచ్చిన మొదటి కైనెక్ట్ (మైక్రోసాఫ్ట్ వీడియో గేముల కోసం తెచ్చిన డెప్త్ కెమెరా) చుక్కల నమూనా ఒకటి విసిరి, అది ఎలా వంగిందో చూసేది. తర్వాతి కైనెక్ట్ వెలుగు వెళ్ళి రావడానికి పట్టే సమయాన్ని కొలిచేది. ఏ పద్ధతైనా బయటి ఇన్‌ఫ్రారెడ్ ఎక్కువైతే గుడ్డిదైపోతుంది. హాలోజెన్ పార్ లైటు (స్టేజికి వాడే ఫిలమెంట్ లైటు) తాగే కరెంటులో చాలా భాగం బయటికొచ్చేది ఇన్‌ఫ్రారెడ్‌గానే. కలర్ ఫిల్టర్ వేసి నీలంగా చేసినా లాభం లేదు, ఆ ఫిల్టర్‌గా వాడే మామూలు జెల్ షీటు ఇన్‌ఫ్రారెడ్‌ని దాదాపు అలాగే వదిలేస్తుంది. మన కంటికి మసగ్గా ఉన్న నీలం లైటు కెమెరాకి మిట్టమధ్యాహ్నం ఎండలా కనిపిస్తుంది.

మీ హాల్లో హాలోజెన్ ఉందో లేదో చెప్పలేదు. తెలుసుకోవడం తేలికే. కెమెరా ఇన్‌ఫ్రారెడ్ చిత్రాన్ని స్క్రీన్ మీద తెరిచి పెట్టుకుని, లైట్లని ఒక్కొక్కటిగా వెలిగించండి. ఏది వెలిగితే బొమ్మ తెల్లబడుతుందో అదే దోషి. ఎల్ఈడీ లైట్లు ఈ విషయంలో దాదాపు నిర్దోషులు, వాటి రంగు చిప్పుల నుంచి ఇన్‌ఫ్రారెడ్ చాలా తక్కువ.

మామూలు వీడియో కెమెరా వాడేవాళ్ళకి ఇంకో గొడవ ఉంది. కెమెరా కదలికని చూసి లైటు మారుస్తుంది. లైటు మారితే చిత్రం మొత్తం మారుతుంది. అది కెమెరాకి మళ్ళీ కదలికలాగే కనబడుతుంది. దాంతో లైటు తనని చూసి తనే ఉలిక్కిపడుతూ పోతుంది. డాన్సర్ బొమ్మలా నిలబడినా రంగులు మారడానికి చాలా చోట్ల కారణం ఇదే. దీనికి పాత మందు ఒకటుంది: స్టేజి మీదకి 850 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ ఫ్లడ్ లైట్లు వేసి, కంటికి కనిపించే వెలుగుని ఆపేసే ఫిల్టర్ కెమెరాకి తగిలించడం. స్టేజి లైట్లు ఎల్ఈడీలైతే అప్పుడు రంగులు ఎంత మారినా కెమెరాకి తెలియదు. ఆస్ట్రేలియా నృత్య బృందం చంకీ మూవ్ 2006లో చేసిన గ్లో అనే నృత్యంలో ఫ్రీడర్ వైస్ రాసిన సాఫ్ట్‌వేర్ పైనుంచి ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో డాన్సర్ ఆకారాన్ని పట్టుకుని, పైనుంచే ప్రొజెక్టర్‌తో ఆమె చుట్టూ వెలుగు గీసింది. అక్కడ లైటంటే ప్రొజెక్టరే. ఆ పద్ధతి మీకు ముందుముందు పనికొస్తుంది, ఎందుకో చివర్లో చెప్తాను.

కెమెరా ముందువైపు పెట్టి అస్థిపంజరం బొమ్మ, అదే స్కెలిటన్ ట్రాకింగ్, నమ్ముకుంటే ఇంకో చిక్కు. ఆ కైనెక్ట్ సాఫ్ట్‌వేర్‌లు మనిషి ఎదురుగా నిలబడి ఉంటే బాగా పనిచేస్తాయి. డాన్సర్ వెనక్కి తిరిగినా, నేల మీద దొర్లినా, ఘేరా ఉన్న లంగా వేసుకున్నా చేతులూ కాళ్ళూ తారుమారవుతాయి. రెండో కైనెక్ట్ పరిధి కూడా సుమారు 4.5 మీటర్లే. స్టేజి అంచున పెడితే వెనక తెర దాకా చూపు ఆనదు.

ఒంటిమీద సెన్సర్: రెండు సెట్టింగులు చూసుకోండి

యాక్సిలరోమీటర్ (కుదుపునీ వంపునీ కొలిచేది), జైరోస్కోప్ (తిరిగే వేగాన్ని కొలిచేది) రెండూ ఉన్న చిన్న బోర్డు, దాని లెక్కని వైఫైలో పంపే ఈఎస్‌పీ32 లాంటి చిప్పు, ఒక చిన్న బ్యాటరీ. ఇంతే సరంజామా. యాక్సిలరోమీటర్ కదలకుండా ఉన్నప్పుడు కూడా గురుత్వాకర్షణని చూపిస్తూనే ఉంటుంది కాబట్టి చెయ్యి ఎంత కోణంలో వంగి ఉందో దానితో తెలుస్తుంది. చెయ్యి వేగంగా ఊపితే ఆ లెక్క చెదిరిపోతుంది, అప్పుడు జైరో ఆసరా కావాలి. రెంటినీ కలిపి లెక్కవేసే లైబ్రరీలు (రెడీమేడ్ ప్రోగ్రాములు) బోలెడున్నాయి.

చాలామంది దగ్గర పాడయ్యేది ఎక్కడంటే, బోర్డుని కొన్నప్పటి సెట్టింగులతోనే వాడేస్తారు. ఎంపీయూ6050 అనే సెన్సర్ బోర్డునే తీసుకోండి. దాని జైరో మామూలుగా సెకనుకి 250 డిగ్రీల వరకే కొలుస్తుంది. డాన్సర్ సెకనుకి రెండు చుట్లు తిరిగిందంటే 720 డిగ్రీలు. అంటే ఆమె అసలైన తిరుగుడు మొదలెట్టేసరికే సెన్సర్ గరిష్ఠానికి చేరి అక్కడే ఆగిపోతుంది, నెమ్మది తిరుగుడుకీ వేగానికీ తేడా కనబడదు. దాన్ని 2000 డిగ్రీలకి మార్చండి. యాక్సిలరోమీటర్ కూడా అంతే, మొదట్లో 2జీ (గురుత్వాకర్షణకి రెండింతలు) దగ్గర ఉంటుంది. చెయ్యి విసిరితే ఇట్టే దాటుతుంది. 8జీ గానీ 16జీ గానీ పెట్టండి.

తిరగడాన్ని కోణంతో పట్టుకోవాలని చూడకండి, వేగంతో పట్టుకోండి. ఏ దిక్కుకి తిరిగి ఉంది అన్న కోణం జైరో నుంచి తీస్తే నిమిషాలు గడిచేకొద్దీ పక్కకి జారుతుంది. సరిదిద్దడానికి మాగ్నెటోమీటర్ (దిక్సూచి లాంటి సెన్సర్) పెడతారు గానీ, స్టేజి కింద ఇనుప చట్రం, పక్కన స్పీకర్ల అయస్కాంతాలు ఉంటే అది చెప్పే ఉత్తరం నమ్మకూడనిది. మీకు కావాల్సింది ఆమె ఎటు చూస్తోంది అన్నది కాదు కదా. నడుము దగ్గర సెన్సర్ నిలువు అక్షం చుట్టూ సెకనుకి 300 డిగ్రీలు దాటితే "తిరుగుతోంది" అనుకోండి, 150 కన్నా తగ్గితేనే "ఆగింది" అనుకోండి. ఈ రెండు అంకెల మధ్య ఎడం ముఖ్యం. ఒకే గీత పెడితే ఆ గీత దగ్గర ఊగిసలాడిన ప్రతిసారీ రంగు మారుతుంది. అంకెలు మీ డాన్సర్‌ని బట్టి మార్చుకోండి.

వైఫై గురించి రెండు ముక్కలు. ఖాళీ హాల్లో టెస్ట్ చేసి సంబరపడకండి. మామూలు ఈఎస్‌పీ32 2.4 గిగాహెర్ట్జ్‌లోనే మాట్లాడుతుంది, ప్రేక్షకుల ఫోన్లు, బ్లూటూత్ పరికరాలు అన్నీ వచ్చి చేరేది కూడా అక్కడికే. రౌటర్‌ని బాల్కనీలో కంట్రోల్ బూత్‌లో కాకుండా స్టేజి పక్కనే ఎత్తులో పెట్టండి. మనిషి ఒళ్ళంతా నీరే కాబట్టి సెన్సర్‌కీ రౌటర్‌కీ మధ్య డాన్సర్ ఒళ్ళే అడ్డం వస్తే సిగ్నల్ పడిపోతుంది. ఇక సెన్సర్ లెక్కలు కంప్యూటర్‌కి చేరవేసే ఓఎస్‌సీ సందేశాలు సాధారణంగా యూడీపీలో, అంటే అందిందో లేదో చూసుకోని పద్ధతిలో, వెళ్తాయి. దారిలో పోయిన సందేశం మళ్ళీ రాదు. అందుకే "ఇప్పుడు తిరిగింది" అని ఒక్కసారి చెప్పి ఊరుకోవద్దు. "ఇప్పటికి 7 సార్లు తిరిగింది" అని ప్రతి సందేశంలోనూ లెక్క పంపండి. ఒకటి పోయినా తర్వాతది విషయం చేరవేస్తుంది. అర సెకను పాటు ఏమీ రాకపోతే లైటు మెల్లగా ముందే అనుకున్న మామూలు స్థాయికి జారాలి. ఉన్నచోట బిగుసుకుపోకూడదు, సున్నాకీ పడిపోకూడదు.

బ్యాటరీని ఆమె దొర్లే చోట, అంటే వెన్ను మీదా తుంటి మీదా పెట్టకండి. లిథియం బ్యాటరీ నలిగితే మంట. చెమట తగలకుండా చుట్టండి. కాస్ట్యూమ్ కుట్టేవాళ్ళతో ముందే మాట్లాడి చిన్న జేబు పెట్టించుకోవడం అన్నిటికన్నా మేలు.

ఆలస్యం ఎక్కడెక్కడ పోగవుతుంది

కెమెరా సెకనుకి 30 ఫ్రేములు ఇస్తే ఒక్క ఫ్రేముకే 33 మిల్లీసెకన్లు. చదవడానికి, లెక్కకి ఇంకో ఒకటి రెండు ఫ్రేములు. ఆ తర్వాత డీఎంఎక్స్, అంటే లైట్లకి ఆజ్ఞలు మోసే తీగ పద్ధతి: 512 ఛానెళ్ళూ పంపుతుంటే సెకనుకి గరిష్ఠంగా 44 సార్లు, అంటే ఇంకో 23 మిల్లీసెకన్లు. ఆపైన లైటు తనలో తాను చేసుకునే స్మూతింగ్. హాలోజెన్ అయితే ఫిలమెంట్ వేడెక్కి చల్లారే సమయం కూడా. అన్నీ కలిపితే సెకనులో పదో వంతు తేలిగ్గా దాటుతుంది. మెల్లగా చెయ్యెత్తితే పెరిగే లైటుకి అది ఎవరికీ తెలియదు. తాళం మీద గట్టిగా పడే అడుగుకి మాత్రం లైటు వెనకబడినట్టు ఇట్టే దొరికిపోతుంది. సెన్సర్ సెకనుకి 100 సార్లు పంపితే మొదటి మెట్టు 10 మిల్లీసెకన్లకి దిగుతుంది, నేను దానివైపు మొగ్గడానికి ఇదొక కారణం.

వణుకు తగ్గించాలని సగటు తీసే ఫిల్టర్ వేస్తారు, దాంతో ఆలస్యం ఇంకా పెరుగుతుంది. 2012లో వచ్చిన వన్ యూరో ఫిల్టర్ అన్నది చూడండి. కదలిక నెమ్మదిగా ఉన్నప్పుడు గట్టిగా నునుపు చేసి, వేగంగా ఉన్నప్పుడు వదిలేస్తుంది. సరిగ్గా మనకి కావలసింది అదే.

చవకరకం యూఎస్‌బీ డీఎంఎక్స్ తీగల్లో కొన్ని టైమింగ్ భారం మొత్తం కంప్యూటర్ మీద వేస్తాయి. కంప్యూటర్ కెమెరాతో తలమునకలైతే లైట్లు మిణుకుతాయి. సొంత ప్రాసెసర్ ఉన్నదో, ఆర్ట్‌నెట్ నోడో (నెట్‌వర్క్‌లో వచ్చినదాన్ని డీఎంఎక్స్‌గా మార్చే పెట్టె) వాడండి.

కన్సోల్‌కి ఎలా కలపాలి

కన్సోల్ అంటే ఆపరేటర్ లైట్లు నడిపే బల్ల. ఇక్కడే హద్దుల సంగతి అమలవుతుంది. ఇంటెన్సిటీ (వెలుగు మోతాదు) ఛానెళ్ళని హెచ్‌టీపీ పద్ధతిలో కలపండి, అంటే రెండు చోట్ల నుంచి వచ్చిన విలువల్లో పెద్దదే గెలుస్తుంది. ఆపరేటర్ 25 శాతం దగ్గర ఉంచాడంటే డాన్సర్ చెయ్యి దించినా లైటు అంతకన్నా తగ్గదు. కింది హద్దు అలా ఉచితంగా వచ్చేసింది. పై హద్దు కోసం సెన్సర్ నుంచి వచ్చే విలువని ఆపరేటర్ చేతిలోని ఒక ఫేడర్ (పైకీ కిందకీ జరిపే మీట) విలువతో గుణించండి. ఆ ఫేడర్ సున్నాకి దించితే సెన్సర్ ఆటలో లేనట్టే. షో మధ్యలో ఏదైనా తేడా వస్తే ఒక్క వేలితో మామూలు లైటింగ్‌లోకి వచ్చేయొచ్చు. ఈ ఫేడర్ లేకుండా నేను షోకి ఒప్పుకోను.

జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. నోడ్ స్థాయిలో హెచ్‌టీపీ పెడితే అది అన్ని ఛానెళ్ళకీ ఒకేలా వర్తిస్తుంది. మూవింగ్ హెడ్ (మోటారుతో తల తిప్పే లైటు) పాన్, టిల్ట్‌కి, అంటే పక్కకీ పైకీ తిరగడానికి, కూడా "పెద్దదే గెలుస్తుంది" అంటే లైటు ఎక్కడికో చూస్తుంది. రంగులకీ అంతే. ఎరుపు ఒకచోట నుంచి, నీలం ఇంకోచోట నుంచి వచ్చి కలిసి మీరు అడగని ఊదారంగు తయారవుతుంది. కాబట్టి రంగు మార్పుని విలువగా పంపకండి. తిరుగుడు పూర్తయిందన్న కబురు కన్సోల్‌కి "తర్వాతి క్యూ" ఆజ్ఞగా వెళ్ళాలి. ఆపరేటర్ ఆ దారిని తెరిచి ఉంచితేనే అది పనిచేయాలి, రంగు మారాక కొన్ని సెకన్ల దాకా మళ్ళీ మారకూడదు.

ఎల్ఈడీల్లో కింది స్థాయిల దగ్గర మెట్లు కనిపిస్తాయి. 8 బిట్‌లో 256 మెట్లే ఉన్నాయి, మన కన్ను చీకట్లో చిన్న తేడాని కూడా పట్టేస్తుంది. లైటుకి 16 బిట్ డిమ్మింగ్ ఉంటే అది వాడండి. చేతి కోణాన్ని నేరుగా లైటుకి ఇవ్వకుండా వర్గం చేసి (దాన్ని దానితోనే గుణించి) ఇవ్వండి, పెరుగుదల కంటికి సమంగా అనిపిస్తుంది.

కదలకపోతే ఏమవుతుంది?

నన్నడిగితే మొత్తం డిజైన్‌లో ఇదే పెద్ద ప్రశ్న, దీన్ని ఎవరూ మొదట్లో అడగరు. కదలిక ఎక్కువైతే వెలుగు ఎక్కువ అనే లెక్క అందరికీ ముందుగా తోచేది. దాని ఫలితం, డాన్సర్ నిశ్చలంగా నిలిచిన క్షణంలో స్టేజి చీకటి. చాలా నృత్యాల్లో అదే అసలైన క్షణం. కంటి చూపు, చేతివేళ్ళ కొసలు, ఊపిరి కనబడాల్సింది అప్పుడే. సరిగ్గా అప్పుడే లైటు ముఖం చాటేస్తుంది.

ఇంకో దుష్ఫలితం కూడా ఉంది. వెలుగు ఆరిపోతుందేమో అన్న భయంతో డాన్సర్ తనకి తెలియకుండానే చేతులు పెద్దగా ఊపడం మొదలెడుతుంది. నేను పనిచేసిన ఒక సోలోలో కొరియోగ్రాఫర్ నా దగ్గరికొచ్చి, "ఆమె నా డాన్స్ చేయట్లేదు, మీ సెన్సర్‌కి సలాం కొడుతోంది" అంది. అక్కడ మేం చేసిన మార్పు చిన్నదే. లైటు పెరగడం వెంటనే, తగ్గడం మాత్రం ఎనిమిది పది సెకన్ల మీద. ఒక కదలికతో వచ్చిన వెలుగు ఆమె ఆగాక కూడా చాలాసేపు నిలబడేది. దాంతో ఆగడానికి ఆమెకి ధైర్యం వచ్చింది. ఇంకో బృందంతో దీన్ని పూర్తిగా తిరగేశాం: కదిలితే లైటు వెనక్కి తగ్గుతుంది, ఆగితే ముఖం మీద మెల్లగా చేరుతుంది. మీ ఐటమ్ ఏ భావంతో ఉందో దాన్ని బట్టి ఎంచుకోండి, కానీ రెండూ చేసి చూడండి.

రెండో పెద్ద ప్రశ్న, ప్రేక్షకుడికి ఇది తెలుస్తుందా అని. సాధారణంగా తెలియదు. ఎవరో లైట్లు బాగా వేశారనుకుంటాడు. తెలియకపోయినా ఫర్వాలేదనుకుంటే సరే. తెలియాలంటే మొదటి నిమిషంలోనే చూపించండి: సంగీతం లేదు, ఒకే లైటు, ఒకే చెయ్యి. ఎత్తితే వెలుగు, దించితే మసక, మధ్యలో ఒకసారి ఆపితే అక్కడే ఆగుతుంది. ఒకసారి ఆ లంకె మనసులో పడితే తర్వాత ఎంత సంక్లిష్టం చేసినా ప్రేక్షకుడు వెంట వస్తాడు. ఒకేసారి అయిదారు లైట్లకి అయిదారు కదలికలు కట్టేస్తే మాత్రం చూసేవాడికి అంతా గందరగోళమే.

కదలిక చేతికి ఎప్పుడూ ఇవ్వకూడనివి

బ్లాకౌట్ ఇవ్వకండి. తిరుగుతున్న మనిషికి ఒక్కసారిగా చీకటైతే నేల ఎక్కడుందో తెలియదు. కనీసం ఒక జత సైడ్ లైట్లు సెన్సర్‌తో సంబంధం లేకుండా నిలకడగా ఉండాలి, ఆమెకి స్టేజి అంచు ఎక్కడుందో తెలిసేది వాటితోనే. స్ట్రోబ్ ఇవ్వకండి. సెకనుకి మూడుసార్లకి మించి మెరిసే వెలుగు మూర్ఛ ఉన్న కొందరికి ప్రమాదం, చేతులు వణికినంత మాత్రాన ఆ హద్దు దాటే అవకాశం మీ వ్యవస్థలో ఉండకూడదు. పొగ, మంటలు, పైనుంచి దిగే సెట్టు, ట్రాప్ డోర్ లాంటివి సరేసరి. డీఎంఎక్స్‌లో తప్పు దిద్దుకునే ఏర్పాటే లేదు, మనుషుల ప్రాణాలకి సంబంధించినవి దానిమీద నడపకూడదు.

మూవింగ్ హెడ్‌తో డాన్సర్‌ని వెంబడించాలన్న ఆలోచన ఉంటే అది వేరే ఆట. ఇన్‌ఫ్రారెడ్ బీకన్లతో నడిచే బ్లాక్‌ట్రాక్స్, రేడియోతో నడిచే జాక్‌ట్రాక్ లాంటివి ఆ పనికే పుట్టాయి, ఖర్చు కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది. లైటు తల తిరగడానికి మోటార్లకి పట్టే సమయం వల్ల వేగమైన కదలికకి ఎలాగూ వెనకబడుతుంది. నడకకి బాగుంటుంది, గెంతుకి బాగుండదు. ఆమె చుట్టూ వెలుగు ఆకారాలు కదలాలన్నదే మీ కోరికైతే, పైన చెప్పిన ప్రొజెక్టర్ దారి తక్కువ ఖర్చుతో ఎక్కువ ఇస్తుంది. దానికి మోటార్లు లేవు కాబట్టి ఆ ఆలస్యమూ లేదు.

ఆ దారిలో వెళ్తే కెమెరా లెక్క నేల మీద వేయకండి, తల ఎత్తులో వేయండి. 6 మీటర్ల ఎత్తులో 90 డిగ్రీల లెన్స్ పెడితే నేల మీద 12 మీటర్ల వెడల్పు కనిపిస్తుంది. కానీ 1.7 మీటర్ల ఎత్తులో, అంటే ఆమె తల దగ్గర, 8.6 మీటర్లే. చేతులెత్తి అంచుకి వెళ్తే చేతులు కెమెరాకి కనబడవు. నేల మెరిసే నల్ల వినైల్ అయితే ఆమె ప్రతిబింబం కూడా మనిషిలాగే కనిపిస్తుంది, మాట్ నేల అడగండి. నల్ల బట్టల్లో కొన్ని ఇన్‌ఫ్రారెడ్‌లో తెల్లగా మెరుస్తాయి, కొన్ని నేలలో కలిసిపోతాయి. కాస్ట్యూమ్ ఖాయం చేసేముందే ఆ బట్ట ముక్కని కెమెరా కింద పెట్టి చూడండి.

మీ స్టేజి కొలతలు, పైన కెమెరా కట్టగలిగే ఎత్తు, హాల్లో ఉన్న లైట్లు హాలోజెనా ఎల్ఈడీనా, కన్సోల్ ఏది అన్నవి కింద రాయండి. కన్సోల్ ఓఎస్‌సీ తీసుకుంటుందా లేదా అన్నదాన్ని బట్టి కలిపే పద్ధతి మారుతుంది, అది చూసి వివరంగా చెప్తాను.